అక్క గదిలో దేవదారు నేల

మోకాలి నొప్పికి వ్యాయామం చేయించుకోవడానికి వారం వారం గుంటూరు బ్రాడీపేటలోని ఒక క్లినిక్కుకి వెళుతున్నాను. మొన్న వెళితే లోపలి హాల్లో పని జరుగుతోందని మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. నేలకి వెడల్పాటి చెక్క పలకలు పరిచి మిషనుతో నునుపు చేస్తున్నారు. ఆ రొద కన్నా ముందు నాకు వాసన తగిలింది. ఏం చెక్క బాబూ అని అడిగితే, పైన్ వుడ్ అండీ, ఫారిన్ నుంచి వస్తుంది అన్నాడు పనివాళ్లలో ఒకతను. మా ఇంట్లో దాన్ని దేవదారు అనేవాళ్లం. అది మా అక్క గది వాసన. అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఏ వీధిలో చూసినా పోలియో వచ్చిన పిల్లలు ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. మా వీధిలో మా అక్క. కాళ్లు సన్నబడిపోయాయి గానీ చేతుల్లో బలం ఉండేది. కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆనించి, ఒంటిని ముందుకి జరుపుకునేది. అయితే మా నడవా అంతా నాపరాళ్లు. ఆ అతుకుల మీద జరిగితే చర్మం గీసుకుపోయేది. గదిలో మట్టి నేల, వానాకాలం వస్తే చెమ్మ. అందువల్ల ఎక్కడికి పోవాలన్నా నాన్న ఎత్తుకోవాలి, నాన్న పనికి వెళితే అమ్మ. పద్నాలుగో ఏడు వచ్చాక అక్కకి అది సుతరామూ గిట్టలేదు. ఎత్తుకోబోతే చేతులు విదిలించి కొట్టేది. పెరట్లోకి తీసుకెళ్లమని అడగాల్సి వస్తుందని మంచినీళ్లు తాగడం కూడా తగ్గించేసింది. అది చూశాకే నాన్న నేల సంగతి ఆలోచించాడు.

నాన్న చిలకలూరిపేట దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. మిల్లుకి కొత్త యంత్రాలు పెద్ద పెద్ద దేవదారు పెట్టెల్లో వచ్చేవి, విప్పాక ఆ పలకలు పొయ్యిలోకి పోయేవి. వాటిని అడిగి బండి మీద ఇంటికి తెచ్చాడు. హాయిగా గచ్చు చేయించవచ్చు గదా అన్నారు ఇరుగుపొరుగు. చలికాలం గచ్చు మీద కూర్చుంటే అక్క కాళ్లు కొంకర్లు పోతాయని నాన్న భయం. మిల్లులో వడ్రంగి ఒకాయన నాన్నకి స్నేహితుడు, మేము సాయిబు బాబాయి అని పిలిచేవాళ్లం. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ కూర్చుని గది చదును చేసి, ఇసుక పోసి, తాటి వాసాలు పరిచి, వాటి మీద జానెడున్నర వెడల్పు పలకలు మేకులతో బిగించారు. పలకల మీద ఏదో దేశపు నల్లటి అక్షరాలుండేవి. బాబాయి చిత్రిక పడుతుంటే ఆ అక్షరాలు చుట్టలు చుట్టుకుని పొట్టులో కలిసిపోవడం నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

చిత్రిక అయ్యాక ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసే పని. అసలు పని అదే. పోలియో కాళ్లలో కదలిక పోతుంది గానీ నొప్పి తెలియడం పోదు, చిన్న పేడు గుచ్చుకున్నా అక్కకి ప్రాణం పోయినట్టుండేది. అందుకని అమ్మ ఒక ఉపాయం చెప్పింది. దూదికి మా ఇంట్లో కొదవ లేదు గనక, పిడికెడు దూది తీసుకుని చెక్క మీద మెల్లగా లాగడం, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ మళ్లీ రుద్దడం. ఆ పరీక్ష అక్కే చేసేది. గోనెపట్టా మీద కూర్చుని, ఇక్కడ పట్టుకుంది బాబాయ్, ఇక్కడ కూడా అంటూ ఒక్క పలకనీ వదిలేది కాదు.

“నా పెళ్లికి గడ్డం కూడా ఇంత నున్నగా గీయించుకోలేదమ్మా,” అనేవాడు బాబాయి.

మాఘమాసంలో పని ముగిసింది. మర్నాడు అక్కని గదిలో దించాలనుకున్నాం. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. మాకున్న కాస్త చేలో పండిన మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి, తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. ఇంట్లో పొడిగా, చదునుగా, ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే. ఎవరూ ఆలోచించలేదు. నాన్న, అమ్మ, నేను బుట్టలతో మోసి ఆ కొత్త నేల నిండా కాయలు పోశాం. అక్క వెనకింట్లో ఉంది, ఆమెకి చెప్పాలని కూడా తోచలేదు. వాన పడలేదు. తెల్లారి కాయలు తీసేసి, శుభ్రంగా ఊడ్చి, అక్కని తెచ్చి దించాం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎవరి సాయం లేకుండా జరుగుతూ వెళ్లింది, నవ్వుతూ వెనక్కి తిరిగింది, చేత్తో మొహం తుడుచుకుంది. అంతే. నూనె పూయని పచ్చి చెక్క రాత్రంతా కారం పీల్చుకుని ఉంది.

అమ్మ మజ్జిగతో కళ్లూ చేతులూ కడిగింది. మంట తగ్గాక, వాచిన కళ్లతోనే అక్క అందర్నీ చూసి అడిగింది.

“ఇది నా గదా, మీ కల్లమా? నాకు చెప్పకుండా ఎట్టా పోశారు?”

నాన్న మళ్లీ ఉప్పుకాగితం పట్టుకున్నాడు. మొహాలకి తువ్వాళ్లు కట్టుకున్నా ఆ పొడికి ఇల్లంతా తుమ్ములు, దగ్గులు.

“ఏరా, నన్ను నేల వేయమన్నావా, కారం కొట్టమన్నావా?” అని బాబాయి నాన్నని తిడుతూనే రుద్దాడు.

ఆ పని సగంలో ఉండగా అక్క బాబాయిని ఇంకొకటి అడిగింది. తలుపుకి లోపలి వైపు గడియ కావాలి, తను కూర్చుంటే చేతికి అందేట్టు కింద పెట్టాలి. అమ్మ ససేమిరా అంది. లోపల ఏమన్నా అయితే మేమెట్టా వచ్చేదే అంది.

“ఏమన్నా అయితే అరుస్తాగా. నోరు బానే ఉందిగా నాకు.”

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న తువ్వాలు విప్పి దులుపుకుని, మళ్లీ కట్టుకుని, “పెట్టరా,” అన్నాడు బాబాయితో.

ఈసారి అక్క గదంతా దూది లాగి చూసుకుని, మమ్మల్ని బయటికి పొమ్మని, తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు విన్నాం. పుట్టాక అక్క తనంతట తాను తలుపు వేసుకోవడం అదే మొదలు. అమ్మ కాసేపు ఓర్చుకుని, ఏం చేస్తున్నావే అని అడిగింది.

“ఊరికే ఉన్నా.”

అమ్మ వంటింట్లోకి వెళ్లింది. నాన్న నూతి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు. కారం వల్లనే అనుకున్నాను అప్పుడు.

ఆ తరవాత చాలా కాలానికి, నా ఉద్యోగం అయిపోయాక, అక్కా నేనూ గుంటూరులో ఒక ఫ్లాటులో కలిసి ఉన్నాం. చక్రాల కుర్చీ వచ్చింది, లిఫ్టు ఉంది, పోలియో అనే మాటే ఇప్పటి పిల్లలకి తెలియదు. అంతా మంచికే. ఇప్పుడు కట్టే ఇళ్లలో ఎవరి గది వాళ్లకి, ఎవరి గడియ వాళ్లకి ముందే ఉంటాయి, వాటిని ఎవరూ అడగక్కర్లేదు. భోజనం కాగానే అక్క తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. ఏం చేస్తున్నావక్కా అని నేను అడగడం, ఊరికే ఉన్నానని ఆమె చెప్పడం మాకు రోజూ ఉండేది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపులన్నీ తీసే ఉంటున్నాయి. వేసుకున్నా, ఏం చేస్తున్నావని అడిగేవాళ్లు లేరు.