జాకీ రాడ్డు లేని సినిమాతో సాలూరుకి

మా అక్క కూతురు హారిక నలభై నిమిషాల సినిమా ఒకటి తీసింది. ఇరవై ఏడేళ్ళ కిందట ఒక వేసవిలో, సాలూరులో మా వీధివాళ్ళు హిజ్రాలకు నీళ్ళు దొరక్కుండా చేతిపంపు బోరు పిడి ఊడదీసి దాచిన కథ అది. ఆ కథ హారికకు చెప్పింది నేనే. అప్పటికి నేను ఆ వీధిలో కోడలిని, పెళ్ళయి మూడో ఏడు. వచ్చే నెల విశాఖపట్నంలో సినిమా వేస్తారని, ముందుగా నన్ను చూడమని పంపింది. చూశాక రెండు రోజులు ఏ పనీ వరుసలో సాగలేదు. అందులో ఒక ఇల్లాలు మండుటెండలో పిడి తెచ్చి తన చేత్తో బోరుకు బిగిస్తుంది. ఆ ఇల్లాలు నేనట. ఆ హిజ్రాల్లో ఒకరైన పైడమ్మక్క వేషం వేసిన తెల్లటి, సన్నటి కుర్రాడు ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. చివర్లో 'ఇది నిజంగా జరిగిన కథ' అని పడుతుంది. జరిగింది అది కాదు. ఎవరి కథో వాళ్ళు చూడకుండా ఆ సినిమా బయటికి పోకూడదనిపించి, గురువారం సాలూరు బయల్దేరాను.

విజయనగరం కాంప్లెక్సులో ఏడూ పదికి బస్సు దొరికింది. గజపతినగరం, రామభద్రపురం మీదుగా గంటా ముప్పావు ప్రయాణం. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. నేను సంచిలో కార్డు వెతుక్కుంటుంటే కండక్టరమ్మ, "నిదానంగా తియ్యమ్మా, బస్సేటి పారిపోతాదా?" అంది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నాను. రామభద్రపురంలో కూరగాయల బుట్టలు ఎక్కించేదాకా బస్సు ఆగుతుంది. ఆ పది నిమిషాల్లో, నేను హారికకు చెప్పనిది ఏమిటో నాకు నేనే వరుసగా చెప్పుకున్నాను.

పిడి మా మంచం కిందే ఉండేది. పొద్దున ఆరింటికి బిగించి, వీధివాళ్ళ బిందెలు నిండగానే ఏడింటికి ఊడదీసేవారు. మాది పెద్ద ఇల్లని మావగారు దాన్ని నాకు అప్పజెప్పారు. పదకొండు రోజులు నేను ఆ మంచం మీద కూర్చునే బియ్యం ఏరాను. హారిక కథ విని, "పిన్నీ, చివరికి పిడి నువ్వే తెచ్చిచ్చావు కదూ?" అని అడిగింది. "ఏదోలే, అప్పట్లో..." అని కుక్కరు చూడ్డానికి లేచి వెళ్ళాను. సినిమా అంతా ఆ 'ఏదోలే'లోంచి పుట్టింది.

సాలూరులో దిగి, స్టాండు ఎదురుగా ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. లారీ షెడ్ల వెనక వీధి అని చెప్పి, పైడమ్మక్క ఇల్లని అన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి, "రాడ్డక్క ఇల్లా? ఆ మాట ముందే సెప్పొచ్చు కదమ్మా, వీధి పేరెందుకు!" అన్నాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

పైడమ్మక్కకు అరవై దాటాయి. నల్లగా, పొడుగ్గా, అదే గరుకు గొంతు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "కోడలమ్మవి కదా! ఏటిలా సిక్కిపోనావు?" అని పీట వాల్చింది. విషయం చెప్పి ఫోను ఆమె చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని సగందాకా కదలకుండా చూసింది.

"ఈ తెల్ల గుంటడు ఎవుడే?"

"నువ్వే అక్కా."

"నానా!" పకపకా నవ్వింది. "ఈడికి పౌడరెంత రాసినారో గానీ, ఆ డబ్బులతో వీధికి కొళాయి వేయించొచ్చు." కాళ్ళ మీద పడే చోటికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. "మీ గుమ్మం కాడ నానెప్పుడేడిసినాను కోడలమ్మా? లారీవోళ్ళేరి? రాడ్డేది?"

ఆమె లేచి దేవుడి అలమర తెరిచింది. అమ్మవారి పటం పక్కన మూరెడున్నర ఇనుప రాడ్డు, పసుపు అట్టలు కట్టి ఉంది. ఆ పన్నెండో రోజు ఆమె లారీ స్టాండుకు వెళ్ళి డ్రైవర్లను అడిగింది. ఒకాయన జాకీ రాడ్డు ఇచ్చాడు. మెకానిక్ దానికి బెజ్జం వేశాడు. ఆమె స్వయంగా తెచ్చి బోల్టుతో బోరుకు బిగించి, వీధంతా చూస్తుండగా కొట్టింది. తర్వాత మా ఇంటి బిందెలూ ఆ రాడ్డుతోనే నిండాయి. ఇప్పటికీ దసరాకి లారీలకు పూజ చేసేవాళ్ళు వచ్చి దీనికీ పసుపు పెట్టి వెళ్తారట.

"అక్కా, పిడి మా మంచం కింద ఉండేది," అన్నాను.

"తెలుసును. నువ్వు మంచం దిగితే కదా!" అని, నెమ్మదిగా అంది: "నాకు నీమీద కోపం లేదు. నాను సచ్చిపోయాక ఈ బొమ్మే మిగుల్తాది. మా పిల్లలు దీన్ని సూసి, ఎవులో అమ్మ దయ తలిస్తేనే మనం నీళ్ళు తాగినామనుకుంటారు. అది మాత్రం వద్దు."

అక్కడి నుంచే హారికకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. జరిగింది చెప్పాను. హారిక వెంటనే అడ్డుపడింది. "పిన్నీ, నీలాంటి మంచావిడ ఒకరుంటేనే చూసేవాళ్ళు కథలోకి వస్తారు. ఇప్పుడు పిడి దాచింది నువ్వేనంటే అందరూ నిన్ను తిడతారు. బాబాయి ఏమంటారు?"

"ఏమన్నా అననీ. దాచింది నేనేగా."

పైడమ్మక్క ఫోను దగ్గరకు వంగింది. "పాపా, కెమెరా అట్టుకురా. నాను సెప్తాను. నాకు మాత్రం పౌడరెట్టకు. కోడలమ్మ కూడా మంచం మీద కూకుని సెప్పాలి."

హారిక ఆదివారం వస్తానంది. సరేనన్నాను.

రెండున్నర బస్సుకు తిరిగి ఎక్కాను. అబద్ధం చెప్పడానికి నోరు తెరవక్కర్లేదని, వంటింట్లోకి లేచి వెళ్తే చాలని ఈ ప్రయాణంలో తెలిసింది. ఒకరు పోరాడి తెచ్చుకున్నదాన్ని ఇంకొకరి దయగా చూపిస్తే, చూసేవాళ్ళకు హాయిగానే ఉంటుంది; నాకూ మొదటిసారి చూసినప్పుడు ఓ నిమిషం హాయిగానే ఉంది. ఆ నిమిషం గురించి కూడా ఆదివారం చెప్పాలి.

మీరూ ఆమెను చూడాలనుకుంటే పదకొండులోపు వెళ్ళండి. తర్వాత డబ్బులడగడానికి దుకాణాల వైపు వెళ్ళిపోతుంది. ఆటోలో వీధి పేరు చెప్పి తికమకపడకండి. రాడ్డక్క ఇల్లని చెప్పండి, చాలు.