సైలెన్సర్ మార్చిన ఆదివారం

దయ్యాలన్నా, గాలి సోకడమన్నా నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌ని. మెషిన్లోంచి కొత్త చప్పుడు వస్తే బేరింగ్ పోయిందా, బెల్టు వదులైందా అని చెవితోనే కనిపెట్టడం నా పని. ఏ చప్పుడుకైనా ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే ఎగతాళి చేసి లేచిపోయేవాణ్ణి. అలాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

మాది ఆదోని, ఎమ్మిగనూరు మధ్య మెయిన్ రోడ్డుకు కాస్త లోపలున్న పల్లె. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అన్నే కూలికి పోయి నన్ను ఐటీఐ చదివించాడు. నాకు మిల్లులో పని దొరికిన రోజున తన బండి తాళం నా చేతిలో పెట్టి, తను చేనికి నడిచి పోవడం మొదలుపెట్టాడు.

ఇరవై ఏళ్ళు దాటిన బండి అది. సైలెన్సర్ తుప్పు పట్టి జాయింటు దగ్గర చిల్లు పడితే అన్న రేకు చుట్టి కట్టుతీగతో బిగించాడు. అయినా గేరు తగ్గించినప్పుడల్లా ముసలాయనలా రెండుసార్లు దగ్గి, సన్నగా ఈల వేసేది. చుట్టుపక్కల ఇంకే బండికీ ఆ చప్పుడు లేదు. సాయంత్రం నేను మెయిన్ రోడ్డు దిగి మా ఊరి దారిలో కల్వర్టు దగ్గర గేరు తగ్గించగానే చేనిలో ఉన్న అన్నకు వినపడేది. నేను చేరేసరికి కాళ్ళు కడుక్కుని రోడ్డు మీద నిలబడి ఉండేవాడు. హారన్ కొట్టే అవసరమే రాలేదెప్పుడూ.

మిల్లులో తోటివాళ్ళు దానికి దగ్గుల బండి అని పేరు పెట్టారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఒక ఆదివారం ఎమ్మిగనూరు పోయి, గట్టిగా మోగే పొట్టి సైలెన్సర్ వేయిద్దామనుకున్నాను. అన్నతో మాత్రం ట్యూబు మార్పించడానికని అబద్ధం చెప్పాను. ఆ రోజు అన్న పత్తికి మందు కొట్టడానికి పోతున్నాడు.

"పొద్దు ఉన్నట్లే రాప్పా. మందు ట్యాంకు మోసుకోని నడిసి రాల్యాను," అన్నాడు.

కొత్త సైలెన్సర్ పాత పైపుకు కుదరలేదు. ఇంజను నుంచి వచ్చే పైపు కోసి, వేరే ముక్క వెల్డింగ్ చేయాలన్నాడు మెకానిక్.

"ఒగసారి కోసినామంటే పాతది మళ్ళా ఎక్కదన్నా. బాగా ఆలోసన సేసుకో," అని కూడా అన్నాడు. నేను కోసేయమన్నాను. పాతదాని బోల్టు తుప్పు పట్టి కదలకపోతే దాన్నీ రెండు ముక్కలు చేసే ఊడదీశాడు. ఆ ముక్కల్ని నా కళ్ళ ముందే షాపు వెనక ఇనుము కుప్ప మీద పడేశాడు.

తిరిగి వస్తుంటే ఆ మోతకు నా అంత మొనగాడు లేడనిపించింది. కల్వర్టు దాటాక మాత్రం జంకు పుట్టింది. అన్న తిట్టడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా ఎక్కి కూర్చుంటాడు. నాకు ఆ భయమే ఎక్కువ.

చేను దగ్గర బండి నెమ్మది చేశాను. అన్న రోడ్డు మీద లేడు. గట్టు మీద మందు ట్యాంకు పక్కకు ఒరిగి ఉంది, మూత దగ్గర మందు కారిపోతోంది. చుక్క మందు కూడా వృథా పోనిచ్చే మనిషి కాదు అన్న. అది చూశాను. తేడాగా అనిపించింది కూడా. అయినా, నీళ్ళకు పోయుంటాడులే, ఊళ్ళో నలుగురికీ చూపించి వచ్చి ఎక్కించుకుందాం అనుకుని ఆపకుండా పోయాను. దాచడం ఎందుకు, అన్న కంట పడకుండా జారుకున్నాను. అప్పటికి నాలుగు దాటింది, ఎండ ఇంకా చురుగ్గానే ఉంది.

టీ కొట్టు దగ్గర స్నేహితులకు ఆ మోత వినిపిస్తుండగా ఫోను వచ్చింది. మా ఊరి ఆటో అతను. అన్న రోడ్డు అంచున పడి ఉంటే ఎక్కించుకుని ఆదోని ఆసుపత్రికి పోతున్నానన్నాడు.

కొట్టిన మందు అన్న ఒంటికే పట్టేసింది. చేనిలో పత్తి మనిషి ఎత్తు ఉంది. సాళ్ళ మధ్యే ఉండిపోయి ఉంటే ఎవరికీ కనపడేవాడు కాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. మర్నాడు అన్న కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు రాకపోయింటే ఆ సాళ్ళలోనే పోయింటాన్రా. కండ్లు కనపడల్యా. కల్వర్టు కాడ మన బండి దగ్గు ఇనపడె. నువ్వొచ్చినావని ఆ సప్పుడు పట్టుకోని పాక్కుంటా రోడ్డుకొచ్చినా."

నేనే ఆటో ఆపి ఎక్కించానని అనుకుంటున్నాడు. మందు మత్తులో ఏదో విన్నాడులే అని నేను సర్దిచెప్పుకున్నాను.

రెండు రోజులకు ట్యాంకు తెచ్చుకుందామని చేనికి పోయాను. పక్క చేనిలో కలుపు తీస్తున్న మరియమ్మ అన్న ఎట్లున్నాడని అడిగి, ఆ రోజు సంగతి తనే ఎత్తింది.

"మొదట ఎవురిదో పటపటమని ఒగ బండి పాయె, సెవులు పగిలేటట్ల. అదైనాంక మీ బండి వచ్చె గదా. ఈడే నిలబడి శానాసేపు దగ్గుతా ఉండె. మీయన్నను ఎక్కించుకుంటాండావనుకోని నేను తల గూడా ఎత్తల్యా."

ఆ పటపట బండి నాదేనని ఆమెకు తెలియదు.

ఆటో అతన్ని అడిగాను. రోడ్డు మీద అన్న తప్ప వేరే మనిషి గానీ బండి గానీ లేదన్నాడు. ఎమ్మిగనూరు పోయి చూశాను. సైలెన్సర్ ముక్కలు రెండూ ఆ కుప్ప మీదే ఉన్నాయి, అన్న చుట్టిన కట్టుతీగ కూడా ఊడలేదు. అలాంటి చప్పుడు చేసే బండి ఇంకేదైనా వచ్చిందేమోనని చుట్టుపక్కల ఊళ్ళలో వాకబు చేశాను, ఎక్కడా లేదు. ఒక్క అన్నే అయితే మత్తు అనుకోవచ్చు. మరియమ్మ ఏ మత్తులో ఉంది? చప్పుళ్ళ మీద బతికేవాణ్ణి, ఈ ఒక్క చప్పుడుకు ఇప్పటికీ కారణం చెప్పలేను.

అన్న ఇంటికి వచ్చాక కొత్త సైలెన్సర్ చూసి, ఎప్పుడు వేయించావన్నాడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అన్నాను.

"పోనీలేప్పా. పాతది సేయాల్సిన పని సేసే పోయింది," అన్నాడు.

అన్న చేతులు ఇంకా వణుకుతున్నాయి. బరువు ఎత్తలేడు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ, తమ్ముడు సమయానికి వచ్చి కాపాడాడని చెబుతాడు. ట్యాంకు చూసి కూడా ఆగకుండా పోయానని చెప్పాలని ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను. ప్రతిసారీ మందు బిళ్ళ అందించి లేచి వచ్చేశాను. చదువు రాని అన్న ఇది చదవడు, అందుకే రాయగలుగుతున్నాను.

వదిన ఎప్పుడూ పెనం మీది మొదటి జొన్న రొట్టె అన్నకే వేసేది. ఆ ఆదివారం తర్వాత నుంచి నా పళ్ళెంలో వేస్తోంది. అన్న అది చూసి సంతోషంగా నవ్వుతాడు. నేను తల దించుకుని తింటాను.