పోతురాజు చొక్కా తొడిగిన బొమ్మ

ఆగిరిపల్లి అవతల మామిడితోటకు కాపలా కాసే పోతురాజు మొన్న మాఘమాసంలో గుండె ఆగి పోయాడు. తోట కౌలుకు చేస్తున్న వెంకటకృష్ణారావుగారు చెడ్డవారేం కాదు. కోతులు కాయ తెంపకుండా చూసుకోగలిగితే కాపలా పనీ, తోటలో పాకా నీకే ఉంటాయని పోతురాజు భార్య సరోజతో చెప్పారు. ఆ పాక తప్ప ఆమెకు తల దాచుకునే చోటు లేదు. పుట్టింటివాళ్లు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు.

కోతులకు ఆడమనిషంటే లెక్కలేదు. సరోజ కర్ర ఎత్తితే పళ్లు ఇకిలించేవి. పోతురాజు కనబడితే మాత్రం పిల్లల్ని పొట్టకు కరుచుకుని పారిపోయేవి. అందుకని ఆమె బొమ్మ కట్టింది. అందరూ ఏ పాత గుడ్డ దొరికితే అది తొడుగుతారు. సరోజ మాత్రం పెద్దకర్మ అయ్యాక ఇంట్లో ఉంచకూడదని తెలిసీ దాచుకున్న పోతురాజు ఖాకీ చొక్కా, గళ్ల లుంగీ తీసింది. వరిగడ్డి కూరింది, కుండకు తలగుడ్డ చుట్టింది. అతనికి ఉన్నట్టే ఎడమ భుజం కాస్త దించింది. అయ్యాక దాని కాళ్ల దగ్గర కూర్చుని తనివితీరా ఏడ్చింది.

కోతులు కంచె దాటలేదు.

కాయ ముదిరింది. మార్కెట్ లారీ వచ్చి ఆగింది. పొద్దున్నే కోతకొచ్చిన కూలీలు గేటు దాటీ దాటకముందే బొమ్మను చూసి వెనక్కి తిరిగారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. సరోజ కోతుల కోసం చేస్తే మొగుడే అయి కూర్చున్నాడు. పోయినవాడి బట్ట కట్టి నిలబెడితే వాడొచ్చి నిలబడడా అని అందరూ ఒకటే మాట.

సరోజ వాళ్లముందే బొమ్మను పడగొట్టింది. చొక్కా, లుంగీ గడ్డితో సహా తగలబెట్టింది. అంతకన్నా ఏం చేస్తుంది? అయినా కోత మేస్త్రి పున్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"కాల్చావు సరే అమ్మాయ్. నువ్విక్కడున్నన్నాళ్లూ వాడీ తోట వదలడు. పిలిచింది నువ్వే కదా."

రావుగారు చెట్ల వంక చూశారు. పండే కాయ ఎవరి ఏడుపు కోసమూ ఆగదు.

"ఏం చెయ్యమంటావు సరోజా? కోత ఆగితే నేను మునిగిపోతాను."

ఆమె బతిమాలలేదు. గిన్నెలు గోతంలో వేసుకుని బాపులపాడు వైపు రోడ్డెక్కింది. ఆమె అలా బయటపడగానే కూలీలు బుట్టలెత్తుకుని లోపలికి వెళ్లారు. పున్నయ్య అన్నది అబద్ధం కాదు. రోజూ సాయంత్రం బొమ్మ దగ్గర కూర్చుని సరోజ నిజంగానే పిలిచింది. అతనే రాలేదు.