ఎర్ర లైటు వెలిగాక

గిరిధర్ సారు ఇంజను ఒక్కనాడైనా తిరగనివ్వనని అనసూయ శపథం చేసిందట. ఆనేకల్ దారిలో ఇంజన్లు తిప్పి చూసే ఆ టెస్టు షెడ్డులో ఈ మాట తెలియని మనిషి లేడు. తనకు రావలసిన పెద్ద ఉద్యోగం సారుకు పోయిందని ఆమెకు కడుపుమంటట.

"ఈ పొద్దు టెస్టు కదప్పా, ఆ యమ్మ వర్తూరు ఆఫీసులో కూసోని దిష్టి పెడతా ఉంటాది చూడు," అని డ్రైవరు ఓబులేష్ టీ తాగుతూ నవ్వాడు.

గేటు కాపలా ఉండే ఆవులప్ప నవ్వలేదు. అట్లని కాదనీ అనలేదు. అనసూయ తమ మదనపల్లె పక్క పిల్ల. షెడ్డుకు వస్తే "తిన్నావా అన్నా" అని అతన్ని అడుగుతుంది గానీ మిగతావాళ్లతో ముక్తసరిగా ఉంటుంది. ఒకసారి ల్యాప్‌టాప్ తెరిచి తన పని చూపించింది. తెర మీద ఇంజను లోపల తిరిగే రెక్క, చిటికెన వేలంత బ్లేడు బొమ్మ వణుకుతోంది, ఒత్తిడి పడినచోట ఎర్రబడుతోంది.

"ఇంజను ముందు ఈ సాఫ్ట్‌వేర్‌లో తిరగాలన్నా. విరిగేదేదో ఇక్కడే విరగాలి."

ఓబులేష్ వెళ్లిన కాసేపటికి షెడ్డు తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. ఇక ఆ తలుపు బయటినుంచి తెరుచుకోదు. లోపలికి పోయేవాళ్లు ఫోన్లు ఆవులప్ప డబ్బాలో పడేసి పోవాలి; సారూ అట్లే పోయాడు. ఇంజను వేగం అందుకుంది. మొదట మూలుగు, తర్వాత ఈల.

డబ్బాలో సారు ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆ వెంటనే గేటు ఫోను.

"అన్నా, అనసూయని. సార్‌ని పిలువు, టెస్టు ఆపాలి!"

"యట్ల పిలిచేదమ్మా? ఎర్ర లైటు ఎలిగుండాది."

"అయితే సైరన్ నొక్కు."

"అది నిప్పంటుకుంటే నొక్కేది. ఊరికే సుమ్మనే నొక్కితే నా పని పోతాది."

"బ్లేడు విరుగుతుందన్నా! పాత ఇంజను ఫైలు కాపీ చేసి వాడుకున్నారు. కొలతలన్నీ మారాయి, వేడి అంకె ఒక్కటి మారలేదు. చల్లటి బ్లేడుకు కట్టిన లెక్క అది. వేడెక్కితే లోహం మెత్తబడుతుంది, అప్పుడు బ్లేడు ఇంజను తిరిగే వేగానికి సరిగ్గా తోడై మరీ ఊగిపోతుంది. ఇప్పుడే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ నడిపి చూశాను. పూర్తి వేగం అందుకోకముందే విరుగుతోంది."

"ఎవురు చేసిన తప్పమ్మా ఇది?"

"తర్వాత చెప్తా. ముందు నొక్కన్నా!"

ఆవులప్ప సైరన్ బటన్ వైపు చూశాడు. సారంటే ఈమెకు పగ అంటారు. ఆ పగకు తన వేలు అరువడుగుతోందా? బల్ల మీద గ్లాసులో టీ వణుకుతోంది. ఈల సన్నబడి ఇంకా పైకి పోతోంది.

"ఒట్టేసి చెప్పు తల్లీ, నిజమేనా?"

"ఒట్లకు టైం లేదన్నా. నేనే నొక్కమన్నానని చెప్పు. అందరిముందూ నా పేరే చెప్పు."

పగబట్టిన మనిషి తన పేరు చెప్పమంటుందా? ఆవులప్ప లేచి గోడమీది బటన్ నొక్కాడు.

సైరన్ అరుపులో ఈల కిందికి దిగింది, మూలుగైంది, ఆగింది. తలుపు తోసుకుని గిరిధర్ సారు పరుగున వచ్చాడు.

"ఎక్కడ మంట? ఎవడు నొక్కింది?"

"నేనే సార్. అనసూయమ్మ నొక్కమనె."

"అనుకున్నా! ఆమె తప్ప ఇంకెవరు!" సారు రిసీవర్ లాక్కున్నాడు. "నా పనిలో తప్పులు వెతకడానికి ఈ రోజే దొరికిందా నీకు?"

అవతలి గొంతు ఆవులప్పకు కూడా వినిపించింది. చిన్నగా ఉంది గానీ తడబడలేదు. వేడి సంగతి, బ్లేడు ఊగే సంగతి మొదటినుంచీ చెప్పింది. సారు మెల్లగా ఆవులప్ప స్టూలు మీద కూర్చున్నాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఆ ఫైలు మీద సంతకం నాదే కదా," అన్నాడు చివరికి.

"సంతకం మీదే సార్. ఫైలు కాపీ చేసింది నేను. వేడి మార్చడం మరిచిపోయింది నేనే."