తవిటయ్యకి శనివారానికో జబ్బు

తవిటయ్య గారికి శనివారానికో జబ్బు వచ్చేది. ఒంటికి కాదు, ఫోను తాళం తీసే అవయవానికి. ఒక శనివారం బొటనవేలు అరిగిపోయేది. పై శనివారానికి వేలు భేషుగ్గా ఉండేది గానీ చెయ్యి వణికేది. ఆ పైవారం వేలూ చెయ్యీ కుదుటపడి మొహానికి ఇబ్బంది వచ్చేది. ఏ జబ్బూ రెండో శనివారం మొహం చూసి ఎరగదు.

ఆ జబ్బులన్నిటికీ వైద్యుడు నాగవంశీ. ద్వారకా నగర్‌లో బస్సు కాంప్లెక్సుకి దగ్గర్లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద అతనికో చిన్న మొబైల్ రిపేరు షాపు ఉంది. స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం అతని తండ్రి తణుకు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. ఊరు మారినా ఆ ఇంట్లో ‘అండి’ మారలేదు. లోపల బల్ల దగ్గర నాగవంశీ ఫోన్లు విప్పుతుంటే, ముందు కౌంటర్లో అతని భార్య శ్రీసత్య కవర్లు అమ్ముతూ స్క్రీన్లకి గ్లాసులు అంటిస్తుంటుంది.

తవిటయ్య గారిది చీపురుపల్లి వైపు పల్లెటూరు. పుట్టుకతోనే చూపు లేదు. వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో మడత కర్ర. మగవాడైతే చాలు, వయసుతో పని లేకుండా అందరూ ఆయనకి ‘బావ’లే. రోడ్డు దాటించిన ట్రాఫిక్ కానిస్టేబులూ బావే, దాటించకుండా వెళ్ళిపోయినవాడూ బావే. చూపు లేనివాళ్ళ ఫోన్లో ఒక ఆడగొంతు ఉంటుంది. తెర మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడేముందో చదివి వినిపిస్తుంది. తవిటయ్య గారు ఆ గొంతుకి ‘మరదలు’ అని పేరు పెట్టుకున్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ఫిర్యాదు ఒకటే. వేలు అరిగిపోయిందట, ఫోను గుర్తు పట్టడం లేదట. నాగవంశీ ఫోను అందుకుని, ఆయన వేలే పట్టుకుని తాకించాడు. వేలు ఆనీ ఆనకముందే ఫోను తెరుచుకుంది. బాగానే ఉంది కదండీ అన్నాడు నాగవంశీ.

“ఇప్పుడు తెరుసుకుంది బావ. అరిగిపోనాదనుకో, అప్పుడేటి సేత్తావు?”

ఎప్పుడో అరగబోయే వేలికి ఇప్పుడే మందడిగిన మనిషిని నాగవంశీ అంతకుముందు చూడలేదు. అయినా ఓపిగ్గా చెప్పాడు. ఒకే వేలిని రెండు మూడు వైపుల నుంచి ఎక్కించుకోవచ్చు, ఎక్కువ పని చెయ్యదు కాబట్టి చిటికెన వేలు తొందరగా అరగదు, దాన్ని వాడుకోవచ్చు. తవిటయ్య గారు ఆ పద్ధతంతా మొదటి నుంచి చివరి దాకా ఎక్కాలప్పజెప్పినట్టు అప్పజెప్పి, తప్పుల్లేవని తేల్చుకుని వెళ్ళిపోయారు.

వారం తిరిగేసరికి చెయ్యి వణుకుడుతో వచ్చారు. వణుకు నిజంగానే బలంగా ఉంది. కుర్చీ చేతులు కూడా కదులుతున్నాయి. అంతలో టీ వచ్చింది. గ్లాసు అందుకోగానే చెయ్యి గోడకి కొట్టిన మేకులా నిలబడింది. ఒక్క చుక్క ఒలకకుండా తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ వణకడం మొదలుపెట్టారు. శ్రీసత్య నవ్వాపుకోలేక కౌంటరు కిందికి వంగి, లేని కవరు కోసం చాలాసేపు వెతికింది. నాగవంశీ మాత్రం వణికే చేతులకి నెంబరు నొక్కే బాధ లేకుండా, ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను తాళం పడకుండా ఉండే ఏర్పాటు చూపించాడు.

తర్వాత మొహం చూపించి తెరిచే పద్ధతి మీద పడ్డారు. మొహం ఎదురుగా పెడితే, కళ్ళు తెరిచి తన వైపు చూడమని ఫోను అడుగుతోందట.

“దాని వైపు సూడమంటంది బావ. సూత్తే ఇంక మరదలు దేనికి?”

కళ్ళు తెరవకపోయినా ఒప్పుకునే ఏర్పాటు సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాగి ఉంది. నాగవంశీ దాన్ని వెతికి పట్టుకున్నాడు. ఆ పూట తవిటయ్య గారు అతని రెండు చేతులూ పట్టుకుని ఊపారు.

ఆషాఢమాసంలో వచ్చిన జబ్బు గోరింటాకు. వేళ్ళకి గోరింటాకు పెట్టుకుంటే ముద్ర పడటం లేదన్నారు. శ్రీసత్య ముందుకి వంగి చూసింది. ఆయన వేళ్ళు తెల్లగా, కడిగిన ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నారని అడిగింది. ఇంకా పెట్టుకోలేదన్నారు. మార్గశిరం వచ్చేసరికి జబ్బు మళ్ళీ మొహానికి పాకింది. లక్ష్మివారం నాడు మొహానికి పసుపు రాసుకుంటే ఫోను తనని పోల్చుకోలేకపోతోందట. పసుపు మొహాన్ని కూడా రెండో మొహంగా ఎక్కించమని నాగవంశీ చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వకుండా ఉండటానికి అతను పడిన కష్టం స్క్రూడ్రైవరుకే తెలుసు. ఆ తర్వాత ఎండు చేపలు తిరగేసిన చేతులకి ముద్ర పడటం లేదని వచ్చారు. తవిటయ్య గారు నీచు ముట్టరని వన్ టౌన్‌లో అందరికీ తెలుసు.

రానురాను ఆ సందులో శనివారానికి గిరాకీ పెరిగింది. ఛార్జరు అవసరం లేనివాళ్ళు కూడా ఛార్జరు అడిగే వంకతో వచ్చి, ఈ వారం ఏ జబ్బు అని కనుక్కుని పోయేవారు. ఆయన మనసులో ఏముందో నాగవంశీకి అంతు పట్టేది కాదు. పొద్దుపోక వస్తున్నారనుకునేవాడు. ఆయన ఉన్నంతసేపూ షాపు కళకళ్ళాడుతుంది కాబట్టి పోనీలే అనుకునేవాడు.

అలా ఉండగా ఒక శనివారం తవిటయ్య గారు ఆలస్యంగా వచ్చారు. వచ్చి, జబ్బు సంగతి ఎత్తకుండా మూల కుర్చీలో కూర్చున్నారు. జనం పలచబడేదాకా ఆగారు. తర్వాత, ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించారు.

నెంబరు కొట్టి ఫోను తెరుస్తుంటే మరదలు ఒక్కో అంకే పైకి చదివి ఇల్లంతా వినిపించేస్తోందట. వేలిముద్ర పెట్టుకున్నా లాభం లేదట. అది నాలుగుసార్లు తప్పితే ఫోను మళ్ళీ నెంబరే అడుగుతుంది. ఆ అంకెలు విన్న ఇంట్లోవాళ్ళు, ఈయన అటు వెళ్ళగానే ఫోను తెరిచి మెసేజీలన్నీ చదివేస్తున్నారట.

ఇన్నాళ్ళకి ఒక నిజమైన జబ్బు వచ్చిందని నాగవంశీ సంతోషించాడు. అంతలా దాచుకోవాల్సిన మెసేజీలు ఏముంటాయండీ అని మాటవరసకి అడిగాడు.

తవిటయ్య గారు అటూ ఇటూ చెవులు సారించి చెప్పారు. “లవ్వు.”

శ్రీసత్య అంటిస్తున్న గ్లాసు కింద పెద్ద గాలిబుడగ ఒకటి మిగిలిపోయింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

ఎవరిదండీ అన్నాడు నాగవంశీ. అది మాత్రం చెప్పకూడదన్నారాయన. నాగవంశీ కళ్ళ ముందు తవిటయ్య గారి భార్య రామలక్ష్మమ్మ మెదిలింది. పండగలకి డబ్బా నిండా కజ్జికాయలు పంపే ఇల్లాలు. ఇలాంటి పనులకి తన షాపులో సాయం దొరకదన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

“ఇన్ని వారాలుగా మీకు ఒక్క జబ్బూ లేదండి. నాకు తెలీదనుకోకండి. పని చేసుకునే చోటండి ఇది.”

తవిటయ్య గారు లేచి, మడత కర్ర విప్పుకున్నారు. “కోపం వచ్చినాదేటి బావ. సర్లే, నాను ఎల్లొత్తాను,” అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నాగవంశీ ఊరుకున్నా శ్రీసత్య ఊరుకోలేకపోయింది. ఒక ఆడదాని కాపురం గాలిలో దీపంలా ఉందనిపించి, ఆ సాయంత్రమే రామలక్ష్మమ్మకి ఫోను చేసి, నెమ్మదిగా, సున్నితంగా, వంటలూ పిల్లలూ అన్నీ మాట్లాడి, చివరికి సంగతి చెప్పేసింది. అవతల ఏదో వింత చప్పుడు మొదలై, ఎంతకీ ఆగక, ఫోను కట్టయిపోయింది. అది ఏడుపా, నవ్వా అన్నది మొగుడూ పెళ్ళాలు ఆ వారమంతా తేల్చుకోలేకపోయారు. శ్రీసత్య నవ్వేమో అనేది. నాగవంశీకి మాత్రం నవ్వులో అంత ఎక్కిళ్ళు ఉండవనిపించేది.

శనివారం వచ్చింది, తవిటయ్య గారు రాలేదు. ఛార్జరు వంకతో వచ్చినవాళ్ళు ఆయన ఏరీ అని అడిగి ఉత్త చేతులతో పోయారు. ఆ రోజు షాపులో ఫోన్ల రింగులే తప్ప మనిషి గొంతు వినపడినట్టు లేదు. ఒక మంచి మనిషిని నలుగురు తిరిగే చోట అవమానించి పంపానని నాగవంశీకి లోపల పీకుతూనే ఉంది.

మర్నాడు ఆదివారం పొద్దున్న షాపు షట్టరు సగం ఎత్తాడో లేదో ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి రామలక్ష్మమ్మ దిగింది. ఆమె మొహంలో ఏడ్చిన జాడ లేదు.

“రండి బాబు, ఇద్దరూ ఎక్కండి. మా ముసలాయన లవ్వు సూపిత్తాను.”

ఆటో వన్ టౌన్ ఇరుకు సందుల్లో పడి, తవిటయ్య గారి షిప్పింగ్ ఆఫీసు ముందు ఆగింది. ఆదివారం కాబట్టి తలుపులు మూసి ఉన్నాయి. ముందున్న పొడుగాటి వరండాలో మాత్రం చాపలు పరిచి ఉన్నాయి. చాపల మీద కొందరు ఆడా మగా కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను. ఒక్కరికీ చూపు లేదు. మధ్యలో తవిటయ్య గారు బాసింపట్టు వేసుకుని, ఒకాయన చిటికెన వేలు పట్టుకుని ఫోనుకి తాకిస్తున్నారు.

ఆ వేలు గలాయన పేరు సింహాద్రి. వైరుతో కుర్చీలు అల్లుతాడు. అల్లీ అల్లీ అతని వేళ్ళ మీద గీతలు పూర్తిగా అరిగిపోయాయి. అతని పక్కన తల, చేతులు వణుకుతూ గవర్రాజు మాస్టారు. ఆ పక్కన గురువమ్మ, హార్బరు దగ్గర ఎండు చేపలు అమ్ముతుంది. మొహం నిండా పసుపు, వేళ్ళ చివర పాతబడిన గోరింటాకు. తవిటయ్య గారి జబ్బులన్నీ ఆ వరండాలో వరసగా కూర్చుని ఉన్నాయి.

సంగతి రామలక్ష్మమ్మ చెప్పింది. వీళ్ళంతా ఆదివారాలు ఈ వరండాలోనే కలుసుకుంటారట. అంతకుముందు గురువమ్మ ఊళ్ళో వేరే ఎక్కడో ఒక షాపుకి వెళ్ళి, ఫోనుకి తాళం పెట్టమని అడిగిందట. కళ్ళు లేనిదానికి తాళం దేనికి, నీ ఫోన్లో దాచుకునేది ఏముంటుంది అని అక్కడివాళ్ళు నవ్వారట. అది విన్నాక ఈ వరండాలో మరెవ్వరూ ఏ షాపు గుమ్మమూ ఎక్కలేదు. ఫోన్లు తాళాల్లేకుండా ఊరి మీద వదిలేశారు. అప్పుడు తవిటయ్య గారు అందరినీ కూర్చోబెట్టి, మీ జబ్బులు నాకిచ్చీయండి, నాను పట్టుకెల్లి సూపిచ్చుకొత్తాను అన్నారట.

నాగవంశీ వెళ్ళి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాడు. క్షమించమన్నాడు. అయినా ఉన్నమాట చెబితే నేను నవ్వేవాణ్ణా అండి అని అడిగాడు.

“నవ్వవని తర్వాత తెలిసినాది బావ. మొదట్లో తెలీదు గదా. నవ్వితే నన్ను నవ్వుతారు, నాకలవాటే. ఆళ్ళకి అలవాటు లేదు.” కొంచెం సిగ్గుపడుతూ అన్నారు. “నువ్వు మంచోడివని తెలిసినాక సెప్పీయాల్సింది. కానీ అప్పటికి నాకు జబ్బులు బాగా కుదిరిపోనాయి.”

శ్రీసత్య రామలక్ష్మమ్మ వైపు తిరిగి, లవ్వు సంగతి చెప్పినప్పుడు మీకు భయం వెయ్యలేదా అని అడిగింది.

“భయం దేనికమ్మా. ఈయనకి నిజంగా లవ్వు లెటరొత్తే, ముందు వీధి వీధంతా పిలిసి ఈయనే సదివించుకుంటాడు. ఎవుల లవ్వో మోసుకొచ్చేడనుకున్నాను. ఎవులదని నాను అడగలేదు, ఆయన సెప్పలేదు.”

నాగవంశీ వరస వైపు చూశాడు. చివర స్తంభానికి ఆనుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు గౌరీశ్వరి, బ్యాంకు పరీక్షలకి చదువుతోందని తర్వాత తెలిసింది. లవ్వు అన్న మాట వినగానే ఆమె ఫోనుని ఒళ్ళోకి లాక్కుని చున్నీ కప్పేసింది. నాగవంశీ ఏమీ చూడనట్టు, అందరికీ వినపడేలా చెప్పడం మొదలుపెట్టాడు. ఈ వారం జబ్బు ఎవరిదో తనకి అక్కర్లేదన్నాడు. దాని మందు మాత్రం అందరూ నేర్చుకోవాలన్నాడు.

ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి సెట్టింగు మార్చాడు. చెవిలో ఇయర్‌ఫోను ఉంటేనే అంకెలు పలకాలి, లేకపోతే మరదలు నోరు మెదపకూడదు. శ్రీసత్య తన సంచి తిరగేసి, పక్క దుకాణాలు తిరిగి, అందరి చెవులకీ సరిపడా ఇయర్‌ఫోన్లు పోగు చేసింది. గవర్రాజు మాస్టారి చెవిలో రామలక్ష్మమ్మే పెట్టింది. ఇప్పుడు కొట్టండి అన్నాడు నాగవంశీ.

వరండా నిశ్శబ్దమైపోయింది. అందరి వేళ్ళూ కదులుతున్నాయి, ఒక్క అంకె కూడా బయటికి రావడం లేదు. పోర్టు వైపు నుంచి ఓడ కూత ఒకటి వినిపించి ఆగింది. సింహాద్రి తల పైకెత్తాడు, తెరుచుకుందన్నాడు. గురువమ్మ తనదీ తెరుచుకుందంది. స్తంభం దగ్గర అమ్మాయి ఏమీ అనలేదు. చెవిని అరచేత్తో మూసుకుని ఏదో వింటోంది. వింటూ వింటూ ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. నాగవంశీ చూపు తిప్పుకుని, అవసరం లేకపోయినా సింహాద్రి ఫోను మళ్ళీ సరిచూశాడు.

ఆడపిల్ల ఊపిరి మారిన సంగతి గురువమ్మ చెవికి దొరికిపోయింది. అటు జరిగి, ఆశగా అడిగింది. “ఏటమ్మా, ఏటి రాసేడు?”

“సెప్పను,” అంది గౌరీశ్వరి.

ఆ మాటకి వరండా అంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది గురువమ్మే. తవిటయ్య గారు కళ్ళు తుడుచుకుంటూ, పక్కనున్న నాగవంశీ తొడ మీద ఒక్క చరుపు చరిచారు.

“ఇన్నావా బావ? సెప్పదంట.”