డయాలసిస్ గదిలో మంచుకొండలు

నాకు పాత మంచుకొండల సినిమాలంటే పిచ్చి. దారి తప్పినవాళ్లు, మంచు కింద కూరుకుపోయినవాళ్లు, ఒకే తాడుకి నడుములు కట్టుకుని ఎక్కేవాళ్లు. ఉద్దానం ఎండలో పుట్టినవాడికి ఈ రోగం ఎక్కడ అంటుకుందని మా ఆవిడ వెక్కిరిస్తుంది. ఆ సినిమాల్లో దేనికీ తొందర ఉండదు. ఒక మనిషి పది అడుగులు వేయడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా నేనూ ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. హాయిగా ఉంటుంది.

మా మేనమామ మొన్నమొన్నటిదాకా సముద్రం మీద వేటకెళ్లిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు నా బండి మీద పలాస తీసుకెళ్తున్నాను. నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. ఒకరోజు దారిలో, "నన్నొగ్గీండ్రా, ఇంక నాను రాను. నా వల్ల మీ పనులన్నీ పాడైపోతన్నాయి" అన్నాడు. ఆ పూట మిషన్ దగ్గర, ఫోన్‌లో ఒక కొండల సినిమా పెట్టి చేతికిచ్చాను.

అంతే, మనిషి ఆ సినిమాలకి చిక్కిపోయాడు. ఆ భాష ఆయనకి రాదు. అవసరమైనచోట నేను చెప్పేవాణ్ణి. కొండనీ సముద్రంలాగే చూసేవాడు. "గాలి మారింది, ఎనక్కి తిరగండర్రా!" అని తెరమీదవాళ్లని కేకలేసేవాడు. కాసేపటికి నిజంగానే తుఫాను వచ్చేది. "సుట్టూ అంత మంచెట్టుకుని దాహమంతారేటి? నాకు సూడమ్మా, గుక్కెడు నీళ్లకి కూడా లెక్కే" అని నర్సమ్మని నవ్వించేవాడు. ఆ మధ్యాహ్నాలు నాకు చాలా ఇష్టం.

నిన్నటి సినిమాలో ఒకడికి కాలు విరిగింది. తన బరువుకి అందరూ పడిపోతారని, తాడు కోసేసి వెళ్లిపొమ్మన్నాడు. మిగతావాళ్లు ఏడుస్తూ కోసేశారు. నేనా మాట చెప్పగానే మావకి కోపం నషాళానికంటింది.

"ఆడంటే మాత్రం కోసేత్తారేటి! మా తెప్పలో, రోగమొచ్చి మంచమ్మీదున్నోడికి కూడా వాటా సేప తీత్తాం. వొద్దన్నా ఇంటికి అట్టుకెళ్లి ఇత్తాం. ఆడి మాట ఇనేత్తారా, బుద్ధుండాలి గదా!"

"ఆరోజు బండి మీద నువ్వూ అదే అన్నావు గదేటి, మావా" అన్నాను.

అనేశాక భయమేసింది. మావ మిషన్ వైపు చూశాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి తాడు కొయ్యని సినిమా ఎట్టు" అన్నాడు.