నడుమ ఖాళీ ఉన్న దిండు

కుట్టుమిషన్ల హాల్లో ఆమె పేరు దిండక్క. ఎప్పుడూ పెదాల మధ్య నాలుగు గుండుసూదులు, మాటలన్నీ నోటి పక్కనుంచే. కాన్పయి పనిలోకొచ్చిన ప్రతి పిల్లకీ గుడ్డపీలికలు కూరి, చుట్టకుదురులా నడుమ ఖాళీ ఉంచి దిండు కుట్టి ఇస్తుంది, కుట్లు పడ్డచోట చెక్కస్టూలు ఒత్తుకోకుండా. తన కాన్పులప్పుడు ‘ఓర్చుకో’ అన్నవాళ్లే తప్ప దిండిచ్చినవాళ్లు లేరు. నిన్న సూపర్‌వైజర్ నెల బాలింతను లేపి, దిండు లాగి చెత్తబుట్టలో పడేశాడు. “ఇది ఫ్యాక్టరీనా, పడకగదా?” పిల్ల పళ్లు బిగించి స్టూలు అంచున ఒరిగి కూర్చుంది. దిండక్క సూదులన్నీ ఒక్కొక్కటే తీసి మిషను మీద పెట్టింది. అతని గదిలోని మెత్తటి కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చింది. “ఇందులో కూర్చోవే తల్లీ. సారుకేమన్నా కుట్లు పడ్డాయా, ఆ స్టూలు చాల్లే!” మిషన్లన్నీ ఆగాయి. సారు స్టూలు వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు. చివరికి తనే వంగి చెత్తబుట్టలో చెయ్యి పెట్టాడు.